జిగురు టమాటా కోసం ములకలపల్లి దాకా

నవంబరు చివర ఒక బుధవారం ఉదయం ఆరుంబావుకు సికింద్రాబాదు స్టేషనుకు చేరాను. ఖమ్మం వెళ్లే రైలు ఆరున్నర దాటాక ఉంది. భుజానికి ఒక సంచి. అందులో రెండు జతల బట్టలు, ముప్పై కాగితపు కవర్లు, ఒక పెన్సిలు, ఒక టీ వడగట్టు. వడగట్టు టీ కోసం కాదు. పండు టమాటాను పిసికి విత్తనం తీయడానికి దాన్ని మించిన పరికరాన్ని నా ముప్పై ఏళ్ల ఉద్యోగంలో చూడలేదు.

నేను టమాటాలో కొత్త వంగడాలు తయారుచేసే మనిషిని. పెరూ కొండల్లో ఒక అడవి టమాటా ఉంది. దాని కాయ పండినా పచ్చగానే ఉంటుంది, మీదంతా నూగు, కొరికితే చేదు. కానీ దాని ఆకుల మీద జిగురు కారే సన్నని వెంట్రుకలుంటాయి. తెల్లదోమ వాలిందా, కాళ్లు అంటుకుని అక్కడే చస్తుంది. మన టమాటాకు ఆకుముడత తెగులును మోసుకొచ్చేది ఈ తెల్లదోమే. ఆ జిగురును మన టమాటాలోకి తేవాలని నేనూ, మా ఫీల్డ్ అసిస్టెంట్ యాదగిరీ పద్దెనిమిదేళ్లు కష్టపడ్డాం. ఈ రెండింటినీ కలపాలంటే మన టమాటా తల్లి కావాలి, అడవిది తండ్రి కావాలి. తిరగేస్తే కాయ నిలవదు. "అల్లుడు ఇల్లరికం వస్తేనే కుదిరే సంబంధం మేడం ఇది" అనేవాడు యాదగిరి.

తెల్లవారకముందే వచ్చి మొగ్గలు విప్పి, కేసరాలు తీసి, పుప్పొడి అద్ది, గుర్తుకు దారం కట్టేవాడు. జిగురు వచ్చిన మొక్కకు చేదు కాయలు కాసేవి, మంచి కాయలు కాసిన మొక్కకు ఆకు నున్నగా ఉండేది. ఏళ్ల తరబడి ఇదే వరస. చివరికి పదిహేడో నంబరు మొక్కల్లో రెండూ కలిసొచ్చాయి. జిగురు ఆకు, నిమ్మకాయంత ఎర్రటి పండు. యాదగిరి ఒక పండు కొరికి, కాసేపు నమిలి, "పర్లేదు మేడం, పప్పులకు పనికొస్తది" అన్నాడు. ఆ తర్వాతి ఏడు గుండెపోటుతో పోయాడు.

మొన్న మే నెలలో ఆ విత్తనాన్ని బోనకల్, పెనుబల్లి, ములకలపల్లి వైపు ముగ్గురు రైతులకు పరీక్షకు ఇచ్చాం. నా దగ్గర ఒకే ఒక్క పొట్లం మిగుల్చుకుని, ఆఫీసు గదిలో బీరువా మీద పెట్టాను. వానాకాలంలో ఏసీ నీళ్లు దాని మీద కారాయి. నేను చూసేసరికి బూజు. వంద గింజలు తడిగుడ్డలో కట్టి చూస్తే ఒక్కటీ మొలకెత్తలేదు. విత్తనం ఎప్పుడూ ఒక్కచోట దాచొద్దని కొత్తగా చేరిన వాళ్లందరికీ పాఠం చెప్పింది నేనే. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

జులైలో ప్రాజెక్టు మూసేశారు. మార్చిలో నా రిటైర్మెంటు. ఈలోపు పదిహేడో నంబరు శుద్ధమైన విత్తనాన్ని, రకాలను ఏళ్ల తరబడి భద్రపరిచే విత్తన నిధికి అప్పగించకపోతే, ఇక ఆ పని చేసేవాళ్లు లేరు. యాదగిరి కట్టిన దారాలన్నీ వృథా. పెనుబల్లి రైతుకు ఫోన్ చేస్తే, చేను దున్నేసి ఆయిల్‌పామ్ పెట్టానన్నాడు. మిగిలింది రెండు చోట్లు. ఈ ప్రయాణం వాటి కోసం.

రైల్లో ఎదురు సీటు ఆవిడ మహబూబాబాద్ దాటాక ఇడ్లీ డబ్బా విప్పి నాకూ రెండు పెట్టింది.

"ఒక్కరే వెళ్తున్నరా? ఎవరింటికి?"

"ఎవరింటికీ కాదండీ. టమాటాల కోసం."

"టమాటాల కోసమా? మోండా మార్కెట్‌ల దొరుకుతలేవా?"

ఆవిడ తప్పేం లేదు. నేనైనా అదే అడిగేదాన్ని.

పదిన్నరకు ఖమ్మంలో దిగి, ఆటోలో బస్టాండుకు వెళ్లి, పదకొండింటికి బోనకల్ బస్సెక్కాను. మన రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగులోనూ ఎక్స్‌ప్రెస్‌లోనూ టికెట్ లేదు. ఆధార్ చూపిస్తే కండక్టరు జీరో టికెట్ కొట్టి ఇస్తాడు. అయినా "ఎంతమందమ్మా?" అని అడుగుతాడు. "ఒక్కదాన్నే" అన్నాను. ఈ రెండు రోజుల్లో ఆ మాట ఎన్నిసార్లు అన్నానో. దూరం తక్కువే కానీ ప్రతి ఊళ్లోనూ ఆగుతుంది కాబట్టి గంట పట్టింది.

బోనకల్ రైతు వెంకటేశ్వర్రావు గారు బస్సు దిగే చోటికే బండి మీద వచ్చారు. ఫోన్‌లో టమాటా సంగతి అడిగితే, వచ్చి చూడండి అని మాత్రం అన్నారు. వాళ్ల తాతలు కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూమి కొన్నారు. ఆయన మాట సగం అటు, సగం ఇటు ఉంటుంది. చేను గట్టు మీద నిలబెట్టి చూపించారు. ఎకరం నిండా మిరప, ఎర్రబడుతున్న కాయలు. టమాటా ఒక్క మొక్క లేదు.

"అబద్ధమెందుకు మేడం గారూ, తెగులు రాలేదు. మందు కూడా కొట్టలేదు. కానీ మార్కెట్‌లో బాక్సు దింపితే కొనేటోడు మొహం తిప్పుకుంటుండు. గోలీకాయలు తెచ్చినవేంది అంటుండు. ఆగస్టులోనే పీకేసినం."

"విత్తనమైనా కొంచెం ఉంచలేదా?"

"ఉంచమని మీరు చెప్పలేదు కదండీ."

చెప్పలేదు. కోతకు మేమే మనిషిని పంపిస్తామని చెప్పాం. పంపాల్సిన సమయానికి ప్రాజెక్టూ లేదు, మనిషీ లేడు.

భోజనానికి ఉంచేశారు. ముద్దపప్పు, గోంగూర, వడియాలు. వాళ్లావిడ వడ్డిస్తూ, "మీ వారేం చేస్తారమ్మా?" అంది. పెళ్లి చేసుకోలేదన్నాను. ఆవిడ అడక్కుండానే ఇంకో గరిటె నెయ్యి పోసింది. ఇలాంటి నెయ్యి నాకు చాలా ఇళ్లల్లో దొరికింది.

మూడున్నరకు మళ్లీ ఖమ్మం చేరి, నాలుగింటి భద్రాచలం ఎక్స్‌ప్రెస్ పట్టుకున్నాను. వైరా, తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడు, కొత్తగూడెం మీదుగా వెళ్తుంది. మీలో ఎవరైనా ఇటు వస్తే ఒకటి గుర్తుంచుకోండి. రైల్వే వాళ్లు భద్రాచలం రోడ్ అనే స్టేషను కొత్తగూడెంలో ఉంటుంది. అక్కడ దిగి గుడి ఎక్కడని అడిగితే ఆటోవాళ్లు నవ్వుతారు. గుడికి ఇంకా నలభై కిలోమీటర్లు.

ఏన్కూరులో పత్తి ఏరి వస్తున్న కూలీ ఆడవాళ్లు పదిమంది ఎక్కారు. అందరి జీరో టికెట్లూ ఒకామె చేతిలోనే ఉన్నాయి. నా పక్కన కూర్చున్న ముసలామె నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"ఒక్కదానివే పోతున్నవా బిడ్డా? ఎంబడి ఎవలు లేరా?"

"లేరమ్మా."

"గట్లైతే జల్ది పోయి పండుకో. కొత్త ఊరు."

ఆమె జూలూరుపాడులో దిగిపోయింది. దిగేటప్పుడు నా భుజం తట్టింది. బస్సు కదిలి ఆమె కనుమరుగయ్యేదాకా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. యాభై ఎనిమిదేళ్ల మనిషికి ఇదేం బేలతనమో.

ఏడింటికి పాల్వంచలో దిగాను. మొదటి లాడ్జిలో కౌంటరు దగ్గరి మనిషి నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని గుమ్మం వైపు చూశాడు. "సింగిల్ లేడీస్‌కి ఇయ్యం మేడం" అన్నాడు. రెండో దాంట్లో ఆఫీసు గుర్తింపు కార్డు చూపిస్తే గది ఇచ్చారు. మార్చి తర్వాత ఆ కార్డు కూడా ఉండదు. గది శుభ్రంగానే ఉంది. రెండు మంచాలున్నాయి. రెండో మంచం మీద సంచి పెట్టి, కింద హోటల్లో చపాతీ తిని, తొమ్మిదింటికి పడుకున్నాను. మేలో ఇదే దారిలో జీపులో వచ్చాం, అయిదుగురం. ఒకరి పాటలు, ఒకరి గురక. అప్పుడు విసుక్కున్నాను కూడా.

గురువారం ఉదయం ఏడుంబావుకు ములకలపల్లి బస్సు. ఊరు దాటిన కాసేపటికే టేకు చెట్లు మొదలయ్యాయి. మంచు ఇంకా విడలేదు, కండక్టరు చెవులకు మఫ్లరు చుట్టుకున్నాడు. ఎనిమిదింటికి ములకలపల్లిలో దిగి టీ తాగి, ఆటో మాట్లాడుకున్నాను. ఇంకో తొమ్మిది కిలోమీటర్లు, సగం మట్టి రోడ్డు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలు దొరకవు కాబట్టి రానూపోనూ మాట్లాడుకోవడమే మంచిది. ఇక్కడ అడవి అంచున ఉన్న చిన్న ఊళ్లను గుంపు అంటారు. నేను వెళ్లింది ఇరవై రెండు ఇళ్ల కోయ గుంపు. మూడో పొట్లం తీసుకున్న కన్నమ్మ ఇక్కడే ఉంటుంది.

కన్నమ్మకు యాభై దాటి ఉంటాయి. వాకిట్లో కందికాయలు ఒలుస్తోంది. నన్ను చూసి లేచి మంచం వాల్చింది.

"ఒక్కదానివే వచ్చినవా అక్కా? జీపేది?"

ఇటువైపు వాళ్లు ఎంత పెద్ద ఆఫీసరునైనా నువ్వు అనే అంటారు. నాకది హాయిగా ఉంటుంది. మంచినీళ్లు తాగి పెరట్లోకి నడిచాను. జొన్న, కంది, పాకుతున్న బీర. మేలో నేనే కాలితో కొలిచి చూపించిన మడిలో గోంగూర ఉంది. గోరుచుట్టు మీద రోకటిపోటు.

"టమాటా ఏది కన్నమ్మా?"

"పండుగల కలిపిన."

"దేంట్లో కలిపావు?"

"అందరి విత్తులల్లనే. నువ్వు ఇచ్చిపోయిన వారంకే గదా మా విత్తుల పండుగ. తల్లి ముంగట పెట్టని విత్తు భూమిల ఎట్లేస్తం?"

ఆ పండుగ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. తొలకరికి ముందు ప్రతి ఇంటివాళ్లూ తమ విత్తనాలు తెచ్చి ఊరి దేవత ముందు ఒకే కుప్పగా పోస్తారట. పూజారి మొక్కి, ఆ కుప్పను కలిపి, ఆకు దొన్నెలతో ఇంటికింత పంచుతాడట. జొన్న, కంది, చిక్కుడు, దోస, వాళ్ల పెరళ్లలో కాసే చిట్టి టమాటా, అన్నీ అందులోనే. నా పదిహేడో నంబరూ అందులోకే వెళ్లింది.

నాకు కోపం ఆగలేదు. "దేంతోనూ కలపొద్దని చెప్పానా లేదా? నీతో రెండుసార్లు అనిపించాను కూడా!" పక్కింటివాళ్లు తొంగిచూసేంత గట్టిగా అరిచాను. ఆ అరుపు కన్నమ్మ మీద కాదని ఇప్పుడు తెలుస్తోంది.

ఆమె ఏమీ అనుకోలేదు. ఒలిచిన కందులు చేటలోకి ఎత్తి నింపాదిగా అంది. "అవ్, చెప్పినవ్. కని ఒక్కింట్లనే పెడితే ఏమైతది? ఒకల మడి కోళ్లు గీకుతయ్. ఒకలకు నీళ్లుండయ్. ఇరవై రెండిండ్లల్ల ఉంటే ఏడనో ఒకకాడ బతుకుతది గదా."

బీరువా మీద బూజు పట్టిన నా పొట్లం గుర్తొచ్చింది.

"రా, చూపిస్త. చేత్తోని పట్టుకుంటే నీకే తెలుస్తది" అంది.

ఇల్లిల్లూ తిరిగాం. కొన్ని పెరళ్లలో మొక్కలు ఎప్పుడో పోయాయి. కొన్నిట్లో ఒట్టి చిట్టి టమాటాలే, ఆకులు ముడుచుకుపోయి గిడసబారి ఉన్నాయి. నాలుగో ఇంట్లో దడికి ఆనించి పెంచిన ఒక మొక్క నిటారుగా, చదునైన ఆకులతో ఉంది. ఆకు పట్టుకుంటే వేళ్లకు అంటుకుంది. వెనక్కి తిప్పి చూశాను. తెల్లదోమలు ఎక్కడివక్కడ అతుక్కుని చచ్చి ఉన్నాయి. మందులు లేవు, గ్రీన్‌హౌస్ లేదు, మా కొలతలు లేవు. ఆకు తన పని తాను చేసుకుపోతోంది. పక్కన నిలబడి చూడాల్సిన యాదగిరి లేడు. కళ్లు తుడుచుకుంటే జిగురు కనురెప్పలకు అంటింది.

"దీంతోని గిదే లొల్లి" అంది ఆ ఇంటావిడ నవ్వుతూ. "తెంపినంక చేతులన్ని నల్లగైతయ్. పచ్చి కాయ కోసి రుద్దుకుంటే పోతది." మా ఫీల్డు వాళ్లు కూడా సరిగ్గా అదే చేస్తారు. ఎవరు ఎవరికి నేర్పారో.

మొత్తం తొమ్మిది ఇళ్లలో జిగురు ఆకు దొరికింది. కానీ ప్రతిచోటా దాని పక్కనే చిట్టి టమాటా ఉంది. మా పదిహేడో నంబరు పువ్వులో కీలాగ్రం, అంటే పుప్పొడి అందుకునే కొస, కొంచెం బయటికి పొడుచుకొస్తుంది, అడవి తండ్రి బుద్ధి. తేనెటీగ వాలితే పక్క మొక్క పుప్పొడి అంటుతుంది. ఈ కాయల్లోని విత్తనం శుద్ధమో, సంకరమో మళ్లీ మూడు తరాలు పెంచితే గానీ తేలదు. నాకున్నది మార్చి దాకా. అయినా పండ్లు కోసి, వడగట్టులో పిసికి విత్తనం తీసి, కాగితం మీద ఆరబెట్టి, ఏ ఇంటిదో పెన్సిలుతో రాసుకున్నాను. చేస్తున్నంతసేపూ అది పనికిరాదని తెలుసు. చేతులు అలవాటు ప్రకారం చేసుకుపోయాయి.

మధ్యాహ్నం కన్నమ్మ అన్నం పెట్టింది. కందిపప్పులో ఆ టమాటాలే వేసి వండింది. పులుపు సరిగ్గా ఉంది. యాదగిరి మాట నిజమే, పప్పులోకి పనికొస్తుంది. అరిచినందుకు ఏమనుకోవద్దన్నాను. "నా మీద అరవలేదులే" అంది ఆమె.

రెండింటికి ఆటో హారను మోగింది. సంచి భుజానికి వేసుకుంటుంటే కన్నమ్మ లోపలికి పరుగెత్తి, పొయ్యి పైన దూలానికి వేలాడుతున్న ఒక మోదుగాకు పొట్లం తెంపుకొచ్చింది. పొగకు నల్లబడి ఉంది.

"నీ వాటా మరిచిపోతున్నవ్."

"నా వాటా ఏంటి?"

"విత్తు పెట్టినోళ్లందరికి వాటా ఉంటది. పంచేటప్పుడు పూజారి ఇండ్లు లెక్కబెట్టి, ఇరవై మూడు అన్నడు. నీది గూడ ఒకిల్లే గదా. నువ్వొస్తవని ఆర్నెల్ల సంది ఈడనే కట్టి పెట్టిన."

"నేను ఈ ఊరిదాన్ని కాదు కదా కన్నమ్మా."

"విత్తు పెట్టినవ్ గదా" అంది, అంతకుమించి అడగడానికేముందన్నట్టు. ఆటో ఎక్కాక ఇంకో మాట చెప్పింది. "వాటా తీస్కున్న ఇల్లు మళ్లొచ్చే పండుగకు పిడికెడు తేవాలె. తేకుంటే ఆ ఇల్లెందుకు రాలేదని అందరు అడుగుతరు."

మూడింటికి ములకలపల్లి నుంచి పాల్వంచ బస్సు, నాలుగుంబావుకు అక్కడినుంచి ఖమ్మం ఎక్స్‌ప్రెస్. మళ్లీ జీరో టికెట్, మళ్లీ అదే ప్రశ్న. నేరుగా హైదరాబాదు వెళ్లే సూపర్ లగ్జరీలూ ఉన్నాయి, వాటిలో జీరో టికెట్ చెల్లదు. నాకు రైలే నచ్చుతుంది. ఏడున్నరకు ఖమ్మంలో రైలెక్కి కిటికీ పక్క కూర్చున్నాను. చేతుల నలుపు ఇంకా పోలేదు. విత్తనం ఇచ్చింది మూడు పొలాలకు. రెండు దున్నేశారు, మూడోది ఊరంతా కలిసిపోయింది. ఆఫీసుకు ఏం రాయాలో తెలియలేదు.

డోర్నకల్ దాటాక సంచిలోంచి మోదుగాకు పొట్లం తీసి, ఒళ్లో తువ్వాలు పరచి విప్పాను. జొన్నలు, కందులు, నాలుగు చిక్కుడు గింజలు, దోస గింజలు, మట్టి రంగు చిట్టి టమాటా విత్తనాలు. వాటి మధ్య అక్కడక్కడా గులాబీ రంగు.

మా పరీక్ష విత్తనాలకు బూజు మందు పట్టిస్తాం. ఎవరూ పొరపాటున నోట్లో పెట్టుకోకుండా అందులో గులాబీ రంగు కలుపుతాం. ఆ గుంపులో మరే ఇంట్లోనూ గులాబీ రంగు విత్తనం ఉండదు. ఇవి ఏ పక్క పువ్వుతోనూ కలవనివి, మేలో నా చేత్తో పొట్లం కట్టినవి. ఒక్కొక్కటే వేలి కొసతో ఎత్తి కవర్లో వేశాను. పద్నాలుగు. పొయ్యి పొగలో పొడిగా, గట్టిగా ఉన్నాయి.

అందులో సగం మొలిచినా చాలు. డిసెంబరులో నాటితే మార్చికి పండ్లు, విత్తన నిధికి ఒక పొట్లం. కవరు మీద పదిహేడు అని రాసి, కింద ఎవరి దగ్గరినుంచి వచ్చిందో రాయాల్సిన గీత దగ్గర ఆగాను. కన్నమ్మ పేరు రాశాను. పక్కన యాదగిరి పేరు రాశాను.

ఈ దారిలో వెళ్లేవాళ్లకు చెప్పేదేమిటంటే, బస్సులు సమయానికే ఉన్నాయి, మనుషులు మంచివాళ్లు, ఒంటరిగా వెళ్తే మాత్రం ఒక్కరేనా అన్న ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకోండి. నా దగ్గర ఇప్పటికీ పాత జవాబే ఉంది. రైలు పదకొండు దాటాక చేరుతుంది, ఇంటి తాళం నేనే తీసుకోవాలి. మార్చి తర్వాత నేను ఎక్కడికైనా రాకపోతే ఎందుకు రాలేదని అడిగేవాళ్లు హైదరాబాదులో ఎవరూ లేరు. మేలో మాత్రం ఇరవై రెండు ఇళ్లవాళ్లు అడుగుతారు. అప్పటికి పిడికెడు విత్తనం చేయాలి.